ఒక వైపే తగ్గిన కొలత

"ముట్టుకోకండి మేడం. అది కోర్టుకు వెళ్ళాల్సిన కాగితం."

ఇన్‌స్పెక్టర్ ఆ మాట అనేసరికే ఆమె దాన్ని ప్లాస్టిక్ కవరుతో సహా బల్ల మీద పరిచేసి, చేతిసంచిలోంచి ఉక్కు స్కేలు బయటికి తీసింది.

"ముట్టుకోకుండా కొలిచే విద్య నీకొస్తే చెప్పు, నేర్చుకుంటాను."

"మేం కొలిచాం. రిపోర్టులో రాశాం."

"నువ్వు కొలిచావని తెలుసు నాయనా. అందుకే మళ్ళీ కొలుస్తున్నాను."

పోలీసు శాఖలో ఉన్నన్నాళ్ళూ ఆమెను ఎదురుగా మేడం అనేవారు, వెనక మిరపకాయ అనేవారు. ఉద్యోగం వదిలి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచాక ముందూ వెనకా తేడా పోయింది. ఫోన్ చేసినవాళ్ళు కూడా "మిరపకాయ గారేనా?" అని అడుగుతారు. ఆమె "ఆఁ, చెప్పండి" అంటుంది. ఈ ఇన్‌స్పెక్టర్ ఒకప్పుడు ఆమె చేతికింద పనిచేసినవాడే. కేసు తెరిచిన రోజే మూసే సంగతి ఆలోచించేవాడని అప్పట్లోనే అతనికి చీవాట్లు పడేవి. అవి అతను మర్చిపోలేదు. ఆమె కూడా మర్చిపోలేదు.

అది ఇనుప సామాను చేసే వర్క్‌షాపు మేడ మీద చిన్న గది. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఒక పొడుగాటి బల్ల, కింద ఆవరణలోకి తెరుచుకునే కిటికీ. బొమ్మలు గీసే గది అంటారు దాన్ని. ఆ బొమ్మలు గీసే మనిషి స్టూలు మీద తల వంచుకుని కూర్చుంది. ముప్పై ఏళ్ళుంటాయి. మూడు రోజులుగా ఏడ్చీ ఏడ్చీ మొహం ఉబ్బిపోయింది. తలుపు దగ్గర కుర్చీలో ఆమె అత్తగారు నిటారుగా కూర్చుని ఉంది. ఆవిడ కళ్ళలో తడి లేదు. ఉన్నదంతా కోపమే.

శుక్రవారం మధ్యాహ్నం ఈ వర్క్‌షాపులో సరుకు పైకెత్తే మోటారు హాయిస్టు, దాన్ని పట్టుకున్న బ్రాకెట్‌తో సహా గోడ నుంచి ఊడి పడింది. కింద ఉన్న ఫిట్టరు అక్కడికక్కడే చనిపోయాడు. ఆ ఫిట్టరు ఈ స్టూలు మీద కూర్చున్న మనిషికి భర్త. ఆ కుర్చీలో ఉన్న ఆవిడకు పెద్దకొడుకు. బ్రాకెట్‌ను గోడకు పట్టి ఉంచే ప్లేటు బొమ్మ గీసింది భార్యే. బొమ్మ కొలత తప్పింది కాబట్టే మనిషి పోయాడని ఇన్‌స్పెక్టర్ తేల్చాడు. ఈ సోమవారం ఆమెను అరెస్టు చేసి తీసుకుపోవడానికి వచ్చాడు. కోడలిని బండెక్కించేదాకా కళ్ళారా చూస్తానని అత్తగారు కూడా వచ్చింది. కోడలి అక్క పరిగెత్తుకొచ్చి కాళ్ళావేళ్ళా పడితే, మిరపకాయ వచ్చింది.

"ఇంకెంతసేపు?" అంది అత్తగారు. "మా ఇంట్లో నాలుగేళ్ళ పిల్ల ఉంది. మా నాన్నేడని అడుగుతోంది. మీ అమ్మ చంపేసిందే తల్లీ అని చెప్పాలా నేను?"

"అలా చెప్పారా?" మిరపకాయ గిరుక్కున తిరిగింది.

"ఇంకా చెప్పలేదు."

"చెప్పకండి. తర్వాత వెనక్కి తీసుకోలేరు."

"మీకేమండీ, పోయింది మీ కొడుకు కాదు. ఇది ఆ బండెక్కి పోవాల్సిందే. నా మనవరాలి మీద మళ్ళీ దీని చెయ్యి పడనివ్వను."

కోడలు తల ఎత్తలేదు. మిరపకాయ ఆమె ఎదురుగా బల్ల అంచు మీద కూర్చుంది.

"నువ్వు చెప్పు. బొమ్మ తప్పు గీశావా?"

"బొమ్మ తప్పు కాదండీ. ప్రింటు..." ప్రింటరు వైపు చూసింది. "ప్రింటు తప్పు తీశానేమో."

"తీశావా? తీశానేమోనా?"

"గుర్తులేదు. గురువారం పొద్దున్న తీశాను. పాపకు జ్వరం. ఇంటికెళ్ళాలని తొందరలో ఉన్నాను. ఆ టిక్కు తీసేశానో లేదో ఎంత ఆలోచించినా గుర్తురావట్లేదు."

"ఒప్పుకున్నట్టేగా మేడం," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"గుర్తులేదంది. చేశాననలేదు. ఆ రెంటికీ మధ్య తేడా నీకు పదేళ్ళ కింద చెప్పాను, ఇప్పటికీ ఎక్కలేదు. అమ్మాయ్, ఏమిటా టిక్కు?"

కోడలు కంప్యూటరు వైపు చెయ్యి చూపించింది. "ప్రింటు ఇచ్చేటప్పుడు ఫిట్ టు పేపర్ అని ఒకటుంటుందండీ. అది పెడితే బొమ్మ కాగితంలో పట్టేలా తనంతట తనే సర్దుకుంటుంది. ప్రింటరు అంచుదాకా గీయలేదు కదా, చుట్టూ కొంచెం ఖాళీ వదులుతుంది. అందుకని బొమ్మ మొత్తాన్నీ కాస్త కుదిస్తుంది. చూస్తే తెలియదు. ఇంటి ప్లాన్ లాంటిదైతే ఫర్వాలేదు, కొలతలు అంకెల్లో రాసుంటాయి, మేస్త్రీలు అంకె చూసి కడతారు. ఈ ప్లేటు అలా కాదు. దీన్ని ఉన్నది ఉన్నంత సైజులో తీయాలి. ఇక్కడ అంకెలు చూడరు. కాగితాన్ని బంకతో ఇనుప ప్లేటు మీద అంటించి, రంధ్రం పడాల్సిన చోట మొనదేలిన పంచ్ పెట్టి సుత్తితో కొడతారు. ఆ గుర్తు మీద డ్రిల్లింగ్ వేస్తారు. కాగితం ఎంతుంటే ఇనుమూ అంతే."

"ఎవరూ టేపు పెట్టి చూసుకోరా?"

"మిగతావాళ్ళు చూసుకుంటారు. మా ఆయన చూసుకోడు," అంది. "మా ఆవిడ గీసిందానికి మళ్ళీ టేపెందుకురా అనేవాడు. అందరి ముందూ అనేవాడు."

"విన్నారా!" అత్తగారు కుర్చీలోంచి లేచింది. "నమ్మాడు. నమ్మి చచ్చాడు నా పెద్దాడు!"

"కూర్చోండి," అంది మిరపకాయ. గొంతు పెంచలేదు. అయినా ఆవిడ కూర్చుంది.

కవరులో ఉన్న కాగితం మీద దీర్ఘచతురస్రంలా ఒక ప్లేటు బొమ్మ, నాలుగు మూలల్లో నాలుగు రంధ్రాలు. రంధ్రాల మధ్యలో పంచ్ దిగిన చిల్లులు. వెనక ఎండిపోయిన బంక. మిరపకాయ స్కేలు పెట్టింది. అడ్డంగా రంధ్రానికీ రంధ్రానికీ మధ్య రెండువందల ఎనభై ఎనిమిది మిల్లీమీటర్లు.

"ఎంతుండాలి?"

"మూడొందలు," అంది కోడలు.

"పైనుంచి కిందకి?"

"రెండొందలు."

మిరపకాయ స్కేలు తిప్పి పెట్టింది. నూట తొంభై రెండు.

"కంప్యూటరు తెరువు. అదే బొమ్మ నా కళ్ళముందు రెండుసార్లు తియ్యి. ఒకటి టిక్కు లేకుండా, ఒకటి టిక్కుతో."

"అభ్యంతరం లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ గోడకు ఆనుకుంటూ. "మా పని మీరే చేసిపెడుతున్నారు."

ప్రింటరు గురగురమంటూ రెండు కాగితాలు కక్కింది. మొదటిది కొలిస్తే మూడొందలు, రెండొందలు. అణుమాత్రం తేడా లేదు. రెండోది కొలిస్తే రెండువందల ఎనభై ఎనిమిది, నూట తొంభై రెండు. కవరులోని కాగితాన్ని దాని మీద పెట్టి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే గీత మీద గీత సరిగ్గా కూర్చుంది.

ఇన్‌స్పెక్టర్ చప్పట్లు కొట్టాడు. "థాంక్స్ మేడం. నా కేసులో ఈ ఒక్క ముక్కే తక్కువైంది. మీ చేత్తో అతికించారు."

కోడలు ఆ రెండు కాగితాలనూ చూసి మొహం చేతుల్లో దాచుకుంది. "నేనే," అంది. "నేనే చేశాను. నన్ను తీసుకెళ్ళిపోండి."

"నోరు ముయ్యి!" మిరపకాయ అరుపుకి ప్రింటరు మీది కాగితం ఎగిరినంత పనైంది. "నిన్ను ఉరితియ్యమని అడిగే హక్కు నీకెవరిచ్చారు? నీకొక పిల్ల ఉంది. తెలిసింది చెప్పు, తెలియంది తెలియదను. తీర్పు నువ్వు చెప్పకు." అదే ఊపులో ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "ఈ కాగితం ఎక్కడ దొరికింది?"

"స్టోర్ రూము చెత్తబుట్టలో. వెతికాను, దొరికింది."

"ప్లేటు ఎక్కడుంది?"

"కింద షెడ్‌లో, సీలు వేసి ఉంది. చూడ్డానికేముంది? రంధ్రాలు దగ్గరైపోయాయి, గోడలో బోల్టులకు కలవలేదు. గ్యాస్ మంటతో కోసి రంధ్రాలు సాగదీసి బిగించారు. సాగదీసిన రంధ్రంలో బోల్టు పట్టు నిలవలేదు. బరువు పడగానే ఊడింది. చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది."

"చిన్నపిల్లాడిలా అర్థం చేసుకున్నవాడివి నువ్వు. పద, తాళం తియ్యి."

"మేడం, నాకు వేరే పనులున్నాయి."

"నాకూ ఉన్నాయి. నా పని, నువ్వు ప్లేటు చూడనివ్వలేదని పై అధికారికి చెప్పడం. ఏది ముందు చేద్దాం?"

అతను పళ్ళు నూరుకుంటూ జేబులో తాళం చెవి వెతుక్కున్నాడు.

*

షెడ్‌లో ఇనుము వాసన, కాలిన నూనె వాసన. ఫోర్‌మన్ తలుపు బయటే నిలబడి ఉన్నాడు. బట్టతల, చేతికి కాలిన మచ్చలు. పోలీసుల్ని చూడగానే చేతులు ప్యాంటుకు తుడుచుకుని వాళ్ళ వెనకే లోపలికొచ్చాడు. అత్తగారు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. కోడలు లోపలికి రానంది.

ప్లేటు చెక్క దిమ్మ మీద పడుకోబెట్టి ఉంది. వంగిపోయిన బ్రాకెట్ చెయ్యి ఇంకా దానికి వెల్డింగుతో అతుక్కునే ఉంది. మిరపకాయ వంగి చూసింది. స్కేలు తియ్యలేదు. వేలు ఒక రంధ్రం అంచు చుట్టూ తిప్పింది. రెండో దాని చుట్టూ తిప్పింది. మూడోది, నాలుగోది. నిలబడింది. ఆమె మెడ మీద నరం కొట్టుకోవడం ఇన్‌స్పెక్టర్‌కు కనిపించింది. ఆ నరం గురించి అతనికి పాత అనుభవం ఉంది. ఒకడుగు వెనక్కి వేశాడు.

"అమ్మాయ్! లోపలికి రా."

"నేను చూడలేనండీ."

"చూడాలి. మీ ఆయన మీద పడిన ఇనుమని చూడకు. గీతలు గీసేదానివి, గీతలు చూడు. రా."

కోడలు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చింది. కళ్ళు మూసుకుంది. తెరిచింది. కొంగు నోటి మీద నుంచి జారింది.

"పక్కలకే కోశారు," అంది నెమ్మదిగా.

"అంటే?"

"రంధ్రాలు చూడండి. అన్నీ పక్కలకి సాగాయి. కోడిగుడ్డు పడుకోబెట్టినట్టు. పైనా కిందా మాత్రం డ్రిల్లు వేసినప్పటి గుండ్రమే ఉంది. గ్యాస్ తగల్లేదు." ఆమె మిరపకాయ వైపు తిరిగింది. "టిక్కు పెడితే రెండు వైపులా తగ్గుతుందండీ! అడ్డం తగ్గితే నిలువూ తగ్గాలి. ఒక వైపు తగ్గించి ఒక వైపు వదిలెయ్యదు. ఎలా తీసినా అలా రాదు. స్కేలివ్వండి, ఇటివ్వండి!"

మిరపకాయ చేతిలోంచి లాక్కున్నంత పని చేసింది. అడ్డంగా, డ్రిల్లు వేసిన అసలు అంచులు పట్టుకుని కొలిచింది. రెండువందల తొంభై. నిలువుగా కొలిచింది. ఫోర్‌మన్ వచ్చి స్కేలు రెండో కొస పట్టుకున్నాడు.

రెండొందలు. సరిగ్గా రెండొందలు.

"ఆ కాగితంతో ఈ ప్లేటు చేసుంటే పైనుంచి కిందకి కూడా ఎనిమిది తగ్గాలి," అంది మిరపకాయ. "అలాగైతే పైకీ కిందకీ కూడా గ్యాస్ పెట్టి కోస్తే తప్ప బోల్టు దూరదు. ఎవరూ కొయ్యలేదు. ఎందుకంటే కొయ్యాల్సిన అవసరం రాలేదు. నిలువు కొలత మొదటినుంచీ సరిగ్గానే ఉంది."

ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకున్నాడు. "పంచ్ జారి ఉండొచ్చు మేడం. చేతి పని కదా."

"నాలుగు చోట్లా జారిందా? నాలుగూ లోపలి వైపుకే జారాయా? అంత క్రమశిక్షణగా జారే పంచ్ ఎక్కడ దొరుకుతుందో చెప్పు, నేనూ ఒకటి కొనుక్కుంటాను. అడ్డం కొలిచావు, తప్పు దొరికింది, సంబరపడి స్కేలు పక్కన పెట్టేశావు. ఇంకో వైపు తిప్పడానికి ఎంతసేపు పడుతుందయ్యా? ఒక ఆడదాన్ని మూడు రోజులు హంతకురాలిని చేశావే, ఒక్కసారి స్కేలు తిప్పడానికి నీకు చెయ్యి రాలేదా?"

ఇన్‌స్పెక్టర్ మొహం కందిపోయింది. "అరవకండి మేడం. ఇప్పుడు మీరు డ్యూటీలో లేరు."

"నేను లేను. నువ్వున్నావు. అదే నా బాధ." ఆమె గోటితో రంధ్రం లోపలి అంచు గీకింది. పైన కొత్తగా వేసిన బూడిద రంగు పెళ్ళలా లేచింది. కింద పాత ఆకుపచ్చ రంగు. "ఫోర్‌మన్ గారూ, కొత్త ప్లేటుకు లోపల పాత రంగెలా వచ్చింది?"

ఫోర్‌మన్ నేల చూపులు చూశాడు. "స్టోర్ నుంచి ఏదొస్తే అది బిగిస్తామండీ."

"నేనడిగింది అది కాదు."

"పాత హాయిస్టు బ్రాకెట్టండీ అది. ఎప్పుడో తీసేసింది. పైన రంగేసి ఇచ్చారు. రంధ్రాలు కలవట్లేదంటే గ్యాస్ పెట్టి సర్దుకోమన్నారు. శుక్రవారం పొద్దున్నకల్లా హాయిస్టు తిరగాలని తొందర. పోయిన మా ఫిట్టరు పెద్దన్న చేసిన ప్లేటుకు ఇంకా బ్రాకెట్ చెయ్యి వెల్డింగ్ అవ్వలేదు. రెండు రోజులు పడుతుందని..."

"ఎవరు ఇచ్చారు? ఎవరు సర్దుకోమన్నారు?"

"స్టోర్‌కీపరు."

గుమ్మం దగ్గర అత్తగారు కదిలింది. "స్టోర్‌కీపరంటే మా చిన్నాడు," అంది. "వాడికి బోల్టులూ కొలతలూ ఏం తెలుస్తాయి? అడిగింది తీసిచ్చేవాడు. నా చిన్నకొడుకు జోలికి రాకండి."

మిరపకాయ ఆవిడ వైపు చూడలేదు. చూపంతా ఫోర్‌మన్ మీదే ఉంది. "పెద్దన్నకు ఈ సంగతి తెలుసా?"

"తెలీదండీ. శుక్రవారం పొద్దున్న బయట పనికెళ్ళాడు. మధ్యాహ్నం అవుతుండగా వచ్చాడు. అప్పటికే హాయిస్టు బరువెత్తుతోంది. తలెత్తి గోడ వైపు చూశాడు." ఫోర్‌మన్ ఆగిపోయాడు.

"చూసి?"

"చెప్తే ఉద్యోగం పోతుందండీ."

"చెప్పకపోతే ఏం పోతుందో కూడా చెప్తాను, వింటావా?"

ఫోర్‌మన్ కళ్ళు తుడుచుకున్నాడు. "ఇది నా ప్లేటు కాదు అని అరిచాడండీ. ఆపండ్రా, ఆపండ్రా అంటూ స్విచ్చు వైపు పరిగెత్తాడు. స్విచ్చు హాయిస్టు కిందే ఉంది. అందేలోపు..."

మరుక్షణం అత్తగారు ఫోర్‌మన్ చొక్కా పట్టుకుంది. అంత ముసలావిడకు అంత బలం ఎక్కడిదో, అతను వెనక్కి తూలి దిమ్మకు కొట్టుకున్నాడు.

"మూడు రోజులు! మూడు రోజులు నా ఇంటికి వచ్చి నా పక్కన కూర్చుని ఏడ్చావు కదరా! నా బిడ్డ ఆఖరి మాట నీ కడుపులో పెట్టుకుని ఏడ్చావా? కూడెలా దిగిందిరా నీకు?"

విడిపించింది కోడలే. "వదలండి అత్తయ్యా," అంది. ఆమె చెయ్యి మీద పడగానే ఆవిడ నిప్పు తగిలినట్టు వెనక్కి లాక్కుంది. కానీ ఫోర్‌మన్‌ను వదిలేసింది.

"పెద్దన్న చేసిన అసలు ప్లేటేది?" అంది మిరపకాయ.

"స్టోర్‌లోనే ఉండాలండీ. ఎర్ర రంగు వేశాడు. ఈవిడగారు తీసిన కాగితం కూడా సగం దానికే అంటుకుని ఉంది."

"విన్నావా?" ఆమె ఇన్‌స్పెక్టర్‌ను అడిగింది. "అసలు కాగితం అసలు ప్లేటుకు అంటుకుని ఉంటే, నీ కవరులో ఉన్నదేమిటి? చెత్తబుట్ట నువ్వే వెతికానన్నావు. నిజం చెప్పు, బుట్ట వైపు చెయ్యి చూపించిందెవరు?"

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఎవరి మొహం చూడకుండా అన్నాడు. "స్టోర్‌కీపర్."

"అబద్ధం!" అంది అత్తగారు. కానీ ఆ అరుపులో ఇందాకటి పదును లేదు.

*

మళ్ళీ అందరూ మేడెక్కారు. ఈసారి ఇన్‌స్పెక్టరే ముందు నడిచాడు. అతని కోపం ఇప్పుడు ఎటు పోవాలో తెలియక మెట్ల మీద పడుతున్నట్టు బూట్లు చప్పుడు చేస్తున్నాయి.

"ప్రింటరు తను చేసిన పని గుర్తుపెట్టుకుంటుందా?" అని అడిగింది మిరపకాయ.

కోడలు ప్రింటరు మీదున్న చిన్న తెర తట్టింది. వరసలు కనిపించాయి. పైన రెండు, ఈరోజువి, ఇందాక తీసినవి. అడుగున గురువారం ఉదయానిది ఒకటి. ఆ మధ్యలో ఇంకోటి ఉంది.

శుక్రవారం, సాయంత్రం నాలుగు దాటి పది నిమిషాలు. ఒకే ఒక్క కాగితం.

"శుక్రవారం నేనసలు ఇక్కడికి రాలేదు," అంది కోడలు. "పాపకు జ్వరమని సెలవు పెట్టాను. ఫోన్ వచ్చాక ఉన్నపళంగా ఆసుపత్రికి పరిగెత్తాను. నాలుగింటికి శవాల గది ముందు ఉన్నాను. ఈయనే వచ్చి నాచేత సంతకం పెట్టించుకున్నారు."

"అవును," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆ ఒక్క మాట అనడానికి అతనికి చాలా కష్టమైంది. "నేనే పెట్టించుకున్నాను."

"మనిషి చచ్చిన నాలుగు గంటలకు," అంది మిరపకాయ, "ఎవడో ఈ గదిలోకి వచ్చాడు. ఈ బొమ్మ తెరిచాడు. గోడ మీద కలవని రంధ్రాలకు ఒక కారణం కావాలి వాడికి. ఆ టిక్కు పెడితే బొమ్మ చిన్నదవుతుందని ఎప్పుడో ఇక్కడ విన్నాడు. పెట్టి తీశాడు. అడ్డం కొలత ఇంచుమించు కలిసింది. చాలనుకున్నాడు. బంక రాశాడు, పంచ్ కొట్టాడు, బుట్టలో పడేసి దారి చూపించాడు. నిలువు కొలవాలని వాడికీ తట్టలేదు. ఈ గదికి తాళాలెన్ని?"

"ఒకటే," అంది కోడలు. "నా దగ్గరే ఉంటుంది. బ్యాగులో."

"బ్యాగు ఆసుపత్రికి తీసుకెళ్ళావా?"

"లేదండీ. ఒంటి మీద ధ్యాసే లేదు. ఇంట్లోనే వదిలేశాను."

"ఇంట్లో ఎవరున్నారు?"

కోడలు జవాబు చెప్పబోయి ఆగింది. మిరపకాయ కూడా మళ్ళీ అడగలేదు. ఇన్‌స్పెక్టర్ ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది.

అత్తగారు తలుపు రెక్క పట్టుకుని నిలబడి ఉంది. కుర్చీ పక్కనే ఉన్నా కూర్చోలేదు.

"నేనున్నాను. పిల్లను ఒళ్ళో పెట్టుకుని."

"ఎవరైనా వచ్చారా?"

"చెప్పకండి అత్తయ్యా," అంది కోడలు ఉన్నట్టుండి. "నాకేం ఫర్వాలేదు. మీకిప్పుడు మిగిలిన కొడుకు ఆయనొక్కడే."

అత్తగారు కోడలి వైపు చూసింది. మూడు రోజుల్లో మొదటిసారి సరిగ్గా మొహంలోకి చూసింది.

"వదినకు ఆసుపత్రిలో ఏవో కాగితాలు కావాలంట, బ్యాగివ్వమ్మా అన్నాడు," అంది. "నేనే ఇచ్చాను. నా ఈ చేత్తో. చీకటి పడుతుండగా తెచ్చి మళ్ళీ ఉన్నచోటే పెట్టాడు. ఇచ్చొచ్చావా అంటే ఊఁ అన్నాడు." ఆవిడ గొంతు రాయిలా ఉంది. "నీకు తెచ్చిచ్చాడా అమ్మాయ్?"

కోడలు తల అడ్డంగా ఊపింది.

"నన్నడ్డం పెట్టుకుని చేశాడు," అంది అత్తగారు. "ఒకడు పోయిన రోజే, వాడి పెళ్ళాన్ని జైల్లో పెట్టించడానికి నా చేత్తో తాళం ఇప్పించుకున్నాడు. మూడు రోజులు నన్ను దీని మీదకు ఉసిగొల్పి పక్కన నిలబడి చూశాడు."

"మీ చిన్నబ్బాయి ఇప్పుడెక్కడ?" ఇన్‌స్పెక్టర్ గొంతు మారిపోయింది.

"పొద్దున్నే వచ్చేశాడు. స్టోర్‌లో పాత ఇనుమంతా తీసి కరిగించడానికి పంపాలన్నాడు."

మిరపకాయ కిటికీ దగ్గరకు ఒక్క అంగలో చేరింది. కింద ఆవరణలో స్టోర్ తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. చిన్న లారీ ఒకటి వెనక తలుపు బిగించుకుని సిద్ధంగా ఉంది. అందులో తుప్పు పట్టిన గొట్టాల, రేకుల మధ్యన, కొత్త ఎర్ర రంగు వేసిన ప్లేటు ఒకటి అంచు పైకి తేలి కనిపిస్తోంది. దాని మీద తెల్లగా చిరిగిన కాగితం రెపరెపలాడుతోంది.

"ఒరేయ్ చిన్నాడా!" అత్తగారు కిటికీ కమ్ములు పట్టుకుని అరిచింది. "దిగరా! దిగి నా మొహం చూసి చెప్పు!"

డ్రైవరు సీట్లో ఉన్నవాడు తలెత్తాడు. కిటికీలో తల్లి కనిపించింది, పక్కన పోలీసు టోపీ కనిపించింది. లారీ ఇంజను గర్జించింది.

ఇన్‌స్పెక్టర్ మెట్ల వైపు దూకేసరికి మెట్ల మీద అప్పటికే ఎవరో ఉన్నారు. కోడలు. చెప్పులు కూడా లేవు. ఆవరణకు అడ్డంగా పరిగెత్తి, బయటి గేటు రెక్కలు రెండూ లాగి గడియ పెట్టింది. గడియకు వీపు ఆనించి, రెండు చేతులూ చాపి నిలబడింది.

"అందులో ఉన్నది మా ఆయన చేసింది," అని అరిచింది. "దాన్ని నువ్వు తీసుకెళ్ళలేవు!"

"అమ్మాయ్, పక్కకి తప్పుకో!" మిరపకాయ కేక అద్దాల్ని వణికించింది. ఆ కేక మీద ఇంకో కేక లేచింది, ముసలి గొంతుతో.

"ఒరేయ్, అది నా కోడలురా!"

లారీ వేగం తగ్గలేదు.